బీరప్ప, 1993బి

షరీఫున్నీసా పుట్టింది హుజూర్‌నగర్‌లో. తండ్రి పీర్ మహమ్మద్‌కు బస్టాండు వెనక పిండిగిర్ని ఉండేది. పొద్దుగూకేదాకా గిర్ని చప్పుడులో పెరిగిన పిల్ల కావడంతో ఆమెకు గొంతెత్తి మాట్లాడటం అలవాటైంది. చుట్టూ ఎంత రొద ఉన్నా పని మీద మనసు నిలిపే గుణం కూడా అక్కడే అబ్బింది. పదో తరగతి అయ్యాక టైపు నేర్చుకుంటానంటే తండ్రి కాదనలేదు. టైపు హయ్యర్ పరీక్ష పాసైన ఏడాదే, అంటే 1986లో, నల్లగొండ గడియారం దగ్గర జిరాక్సు దుకాణం నడిపే మెహమూద్‌తో పెళ్ళయింది. ముందు గదిలో అతని జిరాక్సు మిషను, వెనక గదిలో ఈమె టైపు మిషను. అర్జీలు, అఫిడవిట్లు, బదిలీ దరఖాస్తులు, అన్నీ ఆమె చేతుల మీదుగానే పోయేవి.

తర్వాత టైపు మిషను పక్కకు ఒక పాత కంప్యూటరు వచ్చింది. దాని మీద తెలుగు అక్షరాలు కూర్చే సాఫ్ట్‌వేరు ఉండేది. కరపత్రాలు, రసీదు పుస్తకాలు అందులో చేసేది. లేటెక్ అనే ఇంకో సరంజామాను మాత్రం ఆమెకు పరిచయం చేసింది లింగయ్య సారు. ఆయన మహబూబ్‌నగర్ నుంచి బదిలీ మీద వచ్చిన లెక్కల లెక్చరరు. వర్గమూలాలు, సమీకరణాలు టైపు మిషను మీద కుదరవని, కొన్ని ఫ్లాపీలు తెచ్చి ఆమె కంప్యూటరులో ఎక్కించాడు. ఇందులో అక్షరాన్ని కంటికి కనబడేట్టు కూర్చడం ఉండదు. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది సమీకరణం అని గుర్తులు పెట్టుకుంటూ పోతే, చివర మిషనే పేజీ కట్టి ఇస్తుంది. మొదట్లో ఆమెకు ఇది చీకట్లో వంట చేసినట్టు ఉండేది. అలవాటయ్యాక అంత హాయి మరొకటి లేదనిపించింది. సారు తిరిగి మహబూబ్‌నగర్ వెళ్ళిపోతూ ఫ్లాపీలు, వాటి తాలూకు పాఠాలు అచ్చుతీసిన లావుపాటి కట్ట ఆమెకే వదిలేసి పోయాడు.

1994లో పర్వతాలు ఆమె దగ్గరికి వచ్చాడు. దేవరకొండ దిక్కు కురుమల పిల్లవాడు. ఇంట్లో చదువుకున్న మొదటివాడు. హైదరాబాదులో పరిశోధన చేస్తున్నాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వాగులు ఎండిపోతుంటే, ఉన్న నీళ్ళు పాడవుతుంటే గొర్లమందలు ఎటు పోతున్నాయన్నది అతని విషయం. అంతకు ముందు సంవత్సరమంతా టేపురికార్డరు భుజాన వేసుకొని మందల వెంట తిరిగాడు. కాపరులు చెప్పిన మాటలన్నీ రాసుకున్నాడు. ఇప్పుడు వాటిని గ్రంథంగా కూర్చాలి.

అతని గైడు పెట్టిన నియమం ఒకటుంది. ఏ మాట ఎవరిదో ఆ మాట వెంటనే చెప్పాలి. పుస్తకంలోదైతే రాసినవారి పేరు, సంవత్సరం బ్రాకెట్లో పెట్టాలి. చివర పట్టికలో ఆ పుస్తకం పూర్తి వివరం ఉండాలి. కాపరి నోటి మాటకూ అదే పద్ధతి. గొర్లకాపరి చెప్పిన మాటకు ప్రొఫెసరు రాసిన పుస్తకంతో సమానమైన బ్రాకెట్టు ఇవ్వాలని గైడు పట్టుదల. ఆ మాట విని పర్వతాలు పొంగిపోయాడు. షరీఫున్నీసాకూ అది నచ్చింది.

ఈ పని లేటెక్ తనంతట తానే చేస్తుంది. ప్రతి మనిషికీ ఒక గుర్తు పెట్టి వివరాలు ఒకచోట రాసిపెడితే, కావలసిన చోట ఆ గుర్తు వేస్తే చాలు. బ్రాకెట్టు, పేరు, సంవత్సరం వచ్చి కూర్చుంటాయి. గ్రంథం ఇంగ్లీషులో కాబట్టి చివర పట్టిక ఇంగ్లీషు అక్షరక్రమంలో తయారవుతుంది. ఎలా రావాలన్నది మాత్రం ఒక స్టైలు ఫైలు నిర్ణయిస్తుంది. లింగయ్య సారు ఇచ్చిన ఫైలు గైడుకు సరిపోలేదు. పేరుకూ సంవత్సరానికీ నడుమ కామా కావాలన్నాడు. ఇద్దరి పేర్ల మధ్య ‘అండ్’ గుర్తు వద్దు, మాటే కావాలన్నాడు. దాంతో షరీఫున్నీసా ఆ ఫైలు తెరిచి చూసింది.

అందులోని భాష విచిత్రంగా ఉంది. ముందు పేరు, తర్వాత సంవత్సరం, తర్వాత కామా, అన్నిటినీ వరసగా చెప్పి, వాటితో ఏం చేయాలో చివర చెప్పాలి. ఇంగ్లీషు చదువు చదివినవాళ్ళకు అది తలకిందుల భాషలా కనిపిస్తుందని పాఠాల కట్టలో రాసి ఉంది. షరీఫున్నీసాకు అలా అనిపించలేదు. మనం మాట్లాడేదే అలాగ కదా అనుకుంది. అన్నం, గిన్నె, పొయ్యి అన్నీ చెప్పుకొని ‘పెట్టు’ అన్న మాట చివర అంటాం. రెండు వారాల్లో ఆ ఫైలు ఆమె చెప్పినట్టు వినసాగింది. కామా పెట్టమన్నచోట పెట్టింది. తీయమన్నచోట తీసింది. టైపు మిషను మీద ఇన్నేళ్ళూ ఎవరో రాసిచ్చింది కొట్టడమే తప్ప, మిషనుకు తాను చెప్పి చేయించుకోవడం ఆమెకు అదే మొదలు.

కాపరుల పేర్ల దగ్గర చిక్కొచ్చింది. ఇంటిపేరుతో సహా పూర్తి పేరు వచ్చేట్టు ఆమె మొదట స్టైలు రాసింది. కడారి బీరప్ప, 1993. చిందం బీరప్ప, 1993. గైడు ఒప్పుకోలేదు. ప్రొఫెసర్లకు ఒక్క మాట పెట్టి కాపరులకు రెండు మాటలు పెడితే అది తేడా చూపినట్టవుతుందన్నాడు. పేరులో చివరి మాటే ఉండాలి, అందరికీ ఒకటే రూలు. షరీఫున్నీసా ఒక చిన్న వరుస మార్చింది. ఇంటిపేర్లు బ్రాకెట్లలోంచి వెళ్ళిపోయి పట్టికలో మాత్రం మిగిలాయి. మిగిలిన రెండు పేర్లూ ఒకటే కాబట్టి, తేడా తెలియడానికి మిషను తానే సంవత్సరం పక్కన అక్షరాలు చేర్చింది. పట్టికలో ముందొచ్చిన చిందం బీరప్ప 1993ఎ. తర్వాతి కడారి బీరప్ప 1993బి.

‘‘మా కుర్మోళ్ళల్ల ఇంటికొక బీరప్ప ఉంటడక్కా,’’ అని పర్వతాలు నవ్వాడు. ‘‘దేవుని పేరాయె.’’

ఈ ఇద్దరు బీరప్పలదీ ఒకటే ఊరు, తుమ్మలబావి. ఊరికి ఎగువన ఒక మందుల ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ వాడేసిన నీళ్ళను ట్యాంకర్లు తెచ్చి పిల్లవాగులో వదిలేవి. ఆ నీళ్ళు తాగి చిందం బీరప్ప మంద దాదాపు అంతా చచ్చిపోయింది. ఆ సంగతి అతను పర్వతాలుకు చెప్పుకున్నాడు. ట్యాంకరుకు వాగులోకి దారి చూపిందెవరో కూడా పర్వతాలుకు తెలుసు. చూపినవాడే తెలిపాడు. కడారి బీరప్ప ఒకరోజు పనిగట్టుకొని వచ్చి, డ్రైవరు తొవ్వ అడిగితే ట్యాంకరెక్కి కూర్చొని తానే చూపించానని, డబ్బాలు కడిగిన నీళ్ళని చెప్తే నమ్మానని ఒప్పుకున్నాడు. పేరు రాయనా వద్దా అని పర్వతాలు అడిగితే రాసుకోమన్నాడట. తన నోటితో ఊళ్ళో చెప్పడానికి ధైర్యం చాలటం లేదని, కాగితమన్నా చెప్తే బాగుండునని అన్నాడట.

1995 ఎండాకాలంలో ఆ నీళ్ళ మీద బహిరంగ విచారణ పెడుతున్నట్టు ప్రకటన వచ్చింది. పర్వతాలును కూడా తన పరిశోధన సారం తెలుగులో ఇవ్వమన్నారు. గ్రంథం అచ్చు కాగితాలు ముందు పెట్టుకొని అతను సారాంశం రాశాడు. దారి చూపిన వైనం దగ్గర (బీరప్ప, 1993బి) అని వేశాడు. షరీఫున్నీసా దాన్ని తెలుగు సాఫ్ట్‌వేరులో కూర్చింది. దానికీ లేటెక్‌కూ సంబంధం లేదు. అందులో గుర్తులుండవు, స్టైలు ఉండదు. బ్రాకెట్లోని పేరూ సంవత్సరమూ అక్షరమూ అన్నీ చేత్తో కొట్టింది.

ఆ రోజే పర్వతాలు ఇంకో టేపులోని మాటలు రాసి తెచ్చాడు. మహబూబ్‌నగర్ జిల్లా కాపరి ఒకతను ఎప్పుడో చెప్పినవి, మరిచిపోయి మిగిలినవి. పేరు అల్వాల బీరప్ప. షరీఫున్నీసా అతన్ని లేటెక్‌లో చేర్చి గ్రంథాన్ని మళ్ళీ నడిపించింది. అక్షరక్రమంలో అల్వాల ముందొస్తుంది గనక అతను 1993ఎ అయ్యాడు. చిందం బీరప్ప ఒక మెట్టు దిగి బి అయ్యాడు. కడారి బీరప్ప సి అయ్యాడు. గ్రంథం లోపల ఉన్న బ్రాకెట్లన్నీ దానికి తగ్గట్టు వాటంతట అవే మారాయి. అక్కడ పొరపాటు లేదు. తెలుగు సారాంశం వెనక వేయడానికి పేర్ల పట్టిక కావాలి. బల్ల మీద ఆ పూట తీసిన కొత్త కాగితాలున్నాయి. వాటిలోంచి చూసి పట్టిక కొట్టేసింది.

లోపలి మాట పాతది, వెనక పట్టిక కొత్తది. రెండూ ఆమె చేతి మీదుగానే పోయాయి.

విచారణ మండలాఫీసు హాల్లో జరిగింది. కాపీల కట్ట పట్టుకొని షరీఫున్నీసా పర్వతాలుతోపాటు బస్సెక్కి వెళ్ళింది. తాను కూర్చిన కాగితం ఒక సభలో చదవడం ఎన్నడూ చూడలేదు, చూడాలనిపించింది. హాలు నిండిపోయింది. తుమ్మలబావి మనుషులు ముందు జంబుఖానా మీద కూర్చున్నారు. చిందం బీరప్పను పర్వతాలు దూరం నుంచి చూపించాడు. చెవులకు పోగులు, భుజాన గొంగడి, ఎత్తైన ముసలాయన. నాలుగు వరసల వెనక కడారి బీరప్ప, పక్కన ఆయన భార్య గుర్వమ్మ. ఆయన తల దించుకొని కూర్చున్నాడు. ఆమె ఆయన మోచేతిని పట్టుకొని ఉంది. ఆ ఇద్దరికీ ఇవాళ ఏం చదవబోతున్నారో తెలుసు.

విచారణాధికారి నిదానస్తుడు. సారాంశాన్ని పేరా తర్వాత పేరా పైకి చదివించుకుంటూ, సందేహం ఉన్నచోట ఆపి అడుగుతున్నాడు. ట్యాంకరుకు స్థానికుడొకడు దారి చూపాడన్న మాట వచ్చింది. బీరప్ప, 1993బి. అదేమిటని అధికారి గుమాస్తాను అడిగాడు. పేరు వెనక ఉందని గుమాస్తా పేజీలు తిప్పాడు. వేలు పెట్టి వెతికి, అందరికీ వినపడేట్టు చదివాడు.

‘‘1993బి. చిందం బీరప్ప, తుమ్మలబావి.’’

హాల్లో ఎవరూ అరవలేదు. అరిచి ఉన్నా బాగుండేదని షరీఫున్నీసాకు తర్వాత చాలాసార్లు అనిపించింది. చిందం బీరప్ప సరిగా వినపడనట్టు పక్కనున్న మనిషి వంక తిరిగి ఏమన్నడని అడిగాడు. ఆ మనిషి కొంచెం పక్కకు జరిగాడు. ఇటువైపు కూర్చున్నవాడూ జరిగాడు. వెనకవాళ్ళు మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నారు. చూస్తుండగానే జంబుఖానా మీద ఆ ముసలాయన చుట్టూ జాగా ఖాళీ అయింది. మంద పోగొట్టుకున్నవాడే మందకు విషం చూపించాడని ఊరు ఒక్క నిమిషంలో నమ్మింది. అచ్చులో ఉంది మరి. ఆయన ఆ ఖాళీని అటూ ఇటూ చూశాడు.

షరీఫున్నీసా తన చేతిలోని కాపీ తిప్పి చూసింది. బి పక్కన చిందం. ఒక్క క్షణం ఆమెకు అర్థం కాలేదు. తర్వాత బల్ల, బల్ల మీది కొత్త కాగితాలు, తాను పట్టిక కొట్టడం అన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. లేచి చెప్పాలి. గిర్ని రొదలో అరిచి మాట్లాడిన మనిషికి, నిశ్శబ్దంగా ఉన్న ఆ హాల్లో గొంతు పెగల్లేదు. పర్వతాలు ఆమె చేతిలోంచి కాపీ లాక్కొని చూసి, కుర్చీ వెనక కర్రను పట్టుకొని నిలబడిపోయాడు.

లేచింది కడారి బీరప్ప. గుర్వమ్మ ఇంకా ఆయన మోచేయి పట్టుకునే ఉంది. తన పేరు వినడానికి నెల రోజులుగా గుండె రాయి చేసుకొని వచ్చిన మనిషికి, తన పని ఇంకొకరి పేరున వినపడింది. చప్పుడు చేయకుండా ఇంటికి వెళ్ళిపోయినా ఆయన్ను అడిగేవాళ్ళు లేరు. అధికారి ఎవరు నువ్వని అడిగితే ఊరూ పేరూ చెప్పాడు.

‘‘సారు, గా తొవ్వ సూపించింది నేను,’’ అన్నాడు. ‘‘కడారోళ్ళ బీరప్పను. చిందమోళ్ళ బీరప్ప కాదు. గాయినవి గొర్లు సచ్చినయ్. కడిగిన నీళ్ళన్నరు, నమ్మి బండెక్కిన. గీ పంతులుకు నేనే చెప్పిన. పేరెట్ల మారిందో నాకెర్కలే.’’

గుమాస్తా రాసుకున్నాడు. మరి ఈ కాగితంలో ఇలా ఎందుకుందని అధికారి అడిగాడు. అప్పటికి షరీఫున్నీసా లేచి ముందుకొచ్చింది. కూర్చింది తానేనని, తప్పు తనదని చెప్పింది. పర్వతాలు తనదేనన్నాడు. అధికారి ఇద్దరినీ చూసి, తన కాపీలో చిందం అన్న మాట కొట్టేసి పైన కడారి అని రాసి సంతకం చేశాడు. విచారణ ముందుకు సాగింది. ట్యాంకర్లు ఆపాలని ఆ సాయంత్రం రాతపూర్వకంగా ఆదేశమిచ్చారు. ఆ వాగులోకి అవి మళ్ళీ రాలేదు.

హాలు ఖాళీ అవుతుంటే షరీఫున్నీసా ముసలాయన దగ్గరికి పోయింది. అక్షరాలెలా జరిగాయో, మధ్యలో ఇంకో బీరప్ప ఎలా వచ్చాడో చెప్పింది. చెప్పేకొద్దీ అది ఎంత చిన్న విషయమో ఆమెకే తెలిసివస్తోంది. ఆయన ఓపిగ్గా విన్నాడు. కోపం కనపడలేదు. అది ఆమెకు మరీ కష్టమనిపించింది.

‘‘మా ఇంటిపేరు యాడవోయింది బిడ్డా?’’ అని అడిగాడు.

పెద్దలు వద్దన్నారని, పేరు చివరి మాటే ఉంచాలన్నారని ఆమె చెప్పింది.

‘‘మందల రెండు నల్ల గొర్లుంటే, ఒకదాన్ని నల్లది, ఇంకోదాన్ని కర్రెది అనన్న పిలుస్తం,’’ అన్నాడాయన. గొంగడి సర్దుకొని వెళ్ళిపోయాడు. ఆయన వెంట నడిచింది కడారి బీరప్ప దంపతులు మాత్రమే. అదీ పది అడుగుల దూరంలో.

తప్పు దిద్దామనుకున్నారు గాని, అది ఎంత దూరం పోయిందో షరీఫున్నీసాకు రెండు నెలలకు గాని తెలియలేదు. చిందం బీరప్ప మనుమరాలికి అచ్చంపేట దిక్కు సంబంధం మాట్లాడారు. మాటలన్నీ అయ్యాక అవతలివాళ్ళు వెనక్కి తగ్గారు. మందను చంపించిన ఇల్లని వాళ్ళకెవరో చెప్పారట. చెప్పడమే కాదు, కాగితం చూపారట. పర్వతాలు ఆ కబురు తెచ్చినప్పుడు షరీఫున్నీసా కంప్యూటరు వదిలి ముందు గదిలోకి వచ్చింది. ఆ కాగితం అంత దూరం ఎలా పోయిందని మెహమూద్‌ను అడిగింది. అతను తన మిషను వంక చూశాడు. విచారణకు ముందు ఒకరిద్దరు, తర్వాత ఇంకొందరు వచ్చి ఆ సారాంశం జిరాక్సు తీయించుకుపోయారట. ఎవరేం తెచ్చినా తీసివ్వడం అతని పని. లోపల ఏముందో అతను ఎన్నడూ చదవడు. అధికారి కొట్టేసి దిద్దింది ఒక్క కాపీలోనే. మిగతావన్నీ వాళ్ళ దుకాణంలోంచి, వాళ్ళ మిషను మీద నుంచి, చిందం బీరప్పను దోషిని చేస్తూ ఊళ్ళ మీద పడ్డాయి.

ముగ్గురూ అచ్చంపేట దిక్కు పోయారు. షరీఫున్నీసా, పర్వతాలు, కడారి బీరప్ప. పిలవకపోయినా ఆయన బస్టాండుకు వచ్చి నిలబడ్డాడు. అక్కడ పిల్లవాడి ఇంటి అరుగు మీద కూర్చొని, మండలాఫీసులో చెప్పిన మాటే ఆయన మళ్ళీ చెప్పాడు. ఈసారి గొంతు తడబడలేదు. షరీఫున్నీసా తప్పు దిద్ది మళ్ళీ అచ్చుతీసిన కాగితం చూపించి ఎక్కడ పొరపాటైందో వివరించింది. ఆ ఇంటి పెద్దమనిషి మర్యాదగా విన్నాడు. మంచినీళ్ళిచ్చాడు. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశాడు.

‘‘మీరు చెప్పేది నిజమే అయితుండొచ్చు,’’ అన్నాడు చివరికి. ‘‘కానీ రెండూ అచ్చే గదమ్మా. దేన్ని నమ్మాలె?’’

ఆ సంబంధం పోయింది. అచ్చుకున్న బలాన్ని షరీఫున్నీసా అంతదాకా మంచిగానే ఎరుగును. దాని దెబ్బ ఇంకో ఇంటి మీద పడటం చూశాక, కొన్నాళ్ళు గ్రంథం పని ముట్టుకోలేదు. కొట్టిన ప్రతి పేరునూ వెనక్కి పోయి చూసుకునేది. అఫిడవిట్‌లో తండ్రి పేరు తప్పుపడితే ఏమవుతుంది, దరఖాస్తులో ఊరు మారితే ఏమవుతుంది అని ఇన్నేళ్ళకు భయం మొదలైంది. హుజూర్‌నగర్ పోయినప్పుడు తండ్రికి ఈ సంగతంతా చెప్పింది. పీర్ మహమ్మద్ గిర్ని ఆపి విన్నాడు. ఓదార్చలేదు. పని మళ్ళీ మొదలుపెట్టకుండా ఉంటే ఆ ముసలాయనకు ఏమన్నా ఒరుగుతుందా అని మాత్రం అడిగాడు.

తిరిగొచ్చి స్టైలు ఫైలు తెరిచింది. పుస్తకాల జోలికి పోలేదు. నోటిమాట చెప్పినవాళ్ళకు వేరే రకం ఒకటి కల్పించింది. వాళ్ళ పేరు బ్రాకెట్లోకి వచ్చేటప్పుడు ఇంటిపేరు ముందు రావాలి, తర్వాత పేరు, తర్వాత ఊరు, చివర సంవత్సరం. అప్పటికీ ఇద్దరు ఒకటే అయితే తండ్రి పేరు చేరాలి. అక్షరం మాత్రం చేరకూడదు. అది రాయడం మొదటిసారి కామా మార్చినంత తేలిగ్గా కాలేదు. ఒకచోట సరిచేస్తే ఇంకోచోట సంవత్సరం మాయమయ్యేది. ఒకసారైతే పట్టిక మొత్తం ఊళ్ళ పేర్లతో నిండి మనుషులు లేకుండా పోయారు. మహబూబ్‌నగర్‌లో లింగయ్య సారుకు ఫోను చేసి అడిగింది. ఆయనకూ తెలియలేదు. పడీ లేచీ చివరికి సాధించింది.

గైడు దగ్గరికి పర్వతాలు ఆమెను వెంటబెట్టుకొని పోయాడు. కాగితాలు చూడగానే ఆయన ముఖం చిట్లించాడు. ఇది శాస్త్ర పద్ధతి కాదని, అక్షరాలున్న పద్ధతిని లోకమంతా వాడుతోందని అన్నాడు. పర్వతాలు వాదించలేదు. మండలాఫీసు హాల్లో జంబుఖానా మీద ముసలాయన చుట్టూ జాగా ఎలా ఖాళీ అయిందో చెప్పాడు. అచ్చంపేట సంగతీ చెప్పాడు. కాపరులకూ ప్రొఫెసర్లకూ ఒకటే రూలు అని పట్టుబట్టిన మనిషి ఆయనే. విని, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనకు కూడా దెబ్బ తగిలిందని షరీఫున్నీసాకు అప్పుడు తెలిసింది. నోటి సాక్షుల వరకు ఆమె చేసినట్టే ఉంచమన్నాడు. పుస్తకాలకు పాత పద్ధతే. 1996లో పర్వతాలుకు డాక్టరేటు వచ్చింది. పరీక్షకుల్లో ఒకరు బ్రాకెట్లు మరీ పొడుగ్గా ఉన్నాయని రాశారట.

తుమ్మలబావిలో కడారి బీరప్పను కులపెద్దలు కొన్నాళ్ళు దూరం పెట్టారు. తర్వాత కలుపుకున్నారు. చిందం బీరప్పకు మిగిలిన కొన్ని గొర్లు ఇప్పుడు కడారి వాళ్ళ మందలోనే మేస్తున్నాయని పర్వతాలు చెప్పేవాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారా అని షరీఫున్నీసా అడిగితే, గొర్ల గురించి మాట్లాడుకుంటారని అన్నాడు.

మరుసటి ఎండాకాలం చిందం బీరప్ప దుకాణానికి వచ్చాడు. మనుమరాలికి వేరే సంబంధం కుదిరింది. పెండ్లిపత్రిక అచ్చు వేయించాలి. నల్లగొండలో అచ్చు వేసే దుకాణాలు ఇంకా చాలా ఉన్నాయి. ఆయన ఇక్కడికే ఎందుకొచ్చాడో ఆమెకు అర్థం కాలేదు. ఆమెను గుర్తుపట్టినట్టు కూడా కనపడలేదు. పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె కూర్చి, కాగితం మీద తీసి, పైకి చదివి వినిపించింది. అన్నీ సరిగ్గా ఉన్నాయా తాతా అని అడిగింది.

ఆయన ఆ కాగితం తీసుకొని బయటికి పోయాడు. గడియారం కింద పళ్ళ బండివాణ్ణి ఆపి చదవమన్నాడు. తర్వాత బస్సు కోసం నిలబడ్డ ఒక కాలేజీ పిల్లతో చదివించుకున్నాడు. ఆ తర్వాత ఒక కానిస్టేబులును పట్టుకున్నాడు. ముగ్గురి నోటా చిందం అన్న మాట వినేదాకా ఎండలోనే నిలబడ్డాడు. షరీఫున్నీసా గడపలో నిలబడి అదంతా చూస్తోంది. మెహమూద్ కొంచెం నొచ్చుకొని, మన మీద నమ్మకం లేదా ఏమి అని గొణిగాడు. ఆమె అతన్ని ఊరుకోమంది.

ముసలాయన లోపలికొచ్చి కాగితం బల్ల మీద పెట్టాడు.

‘‘ఇగ ఎయ్యి బిడ్డా,’’ అన్నాడు.